థేమ్స్ సెయిలింగ్ బార్జి: నూరేళ్ళ పాత సరుకు పడవను కొనొచ్చా, ఎక్కి తిరిగితే చాలా?

ముందే తేల్చి చెప్పాలంటే, ఎక్కి తిరగడానికైతే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. కొనడానికైతే రెండు కళ్ళూ చాలవు, చేతిలో ఒక సుత్తీ సన్నటి డ్రిల్లూ ఉండాలి. ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఇంకా తెరచాపల మీద తిరుగుతున్న థేమ్స్ బార్జిల సంగతి ఇది. వీటిని మ్యూజియంలో అద్దం వెనక బొమ్మల్లా చూసి మార్కులు వేస్తే సగమే అర్థమవుతాయి. ఇవి ఆనాటి లారీలు. లారీని చూసినట్టే చూడాలి: ఎంత మోస్తుంది, ఎంతమందికి కూలి ఇవ్వాలి, ఎక్కడ అరుగుతుంది, బాగుచేయించాలంటే ఏ మూల విప్పాలి.

లారీగా చూస్తే దీనికి వంక పెట్టడం కష్టం. మామూలు బార్జి పొడవు 80 నుంచి 90 అడుగులు, వెడల్పు దాదాపు 20 అడుగులు. 100 నుంచి 150 టన్నుల సరుకు పడుతుంది. నడపడానికి ఇద్దరు మనుషులు, స్కిప్పరూ (పడవ పెద్ద) మేటూ (అతని సహాయకుడు). సముద్రం అంచున దూరం వెళ్ళే పెద్దవాటికైతే మూడో మనిషి. అంతే. కిరాయి డబ్బులో మామూలుగా సగం ఓనరుకి, మిగతా సగంలో మూడింట రెండు వంతులు స్కిప్పరుకి, ఒక వంతు మేటుకి. ఇంకో మనిషిని ఎక్కించుకుంటే అందరి వాటా తరుగుతుంది. అందుకే ఈ పడవ మీద ఏ వస్తువు ఎందుకుందో అర్థం కాకపోతే ఒకటే ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఎవరి కూలి మిగిలింది? పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

అడుగు పళ్ళెంలా చదును. ఖాళీగా ఉంటే మూడడుగుల నీళ్ళు చాలు. నిండా సరుకుంటే ఆరేడు అడుగులు. చదునైన అడుగూ నిలువు పక్కలూ కాబట్టి ఖాళీగా కూడా ఒరిగిపోకుండా నిలబడుతుంది. దిమ్మరాళ్ళు, ఇసుక లాంటి బరువు ఎత్తక్కర్లేదు. మిగతా తెరచాప పడవలు సరుకు దించాక బరువు ఎత్తుకోవడానికి ఒక రోజూ దానికి తగ్గ డబ్బూ పోగొట్టుకుంటే, బార్జి ఖాళీ పొట్టతోనే వెనక్కి బయల్దేరేది. రేవు లేని చోట నీళ్ళు తీసినప్పుడు బురద మీద కూర్చుంటే, ఆ పొలం బండి పక్కకే వచ్చి సరుకు దించుకునేది. పోటు రాగానే మళ్ళీ తేలేది.

మోసిన సరుకు చూస్తే లండన్ ఎలా లేచిందో తెలుస్తుంది. కెంట్, ఎసెక్స్ బట్టీల నుంచి ఇటుకలు, మెడ్వే నది ఒడ్డు నుంచి సిమెంటు వచ్చేవి. వెళ్ళేటప్పుడు నగరంలోని బూడిదా చెత్తా మళ్ళీ ఇటుకబట్టీలకే. పల్లెల నుంచి గడ్డి వచ్చేది, నగరం గుర్రాల కోసం. తిరుగు ప్రయాణంలో అవే గుర్రాల పేడ పొలాలకు. గడ్డి మోసే బార్జిలను స్టాకీలు అనేవారు. డెక్కు మీద పన్నెండు అడుగుల వరకూ గడ్డివాము పేర్చేవారు. వెనక చక్రం దగ్గరున్న స్కిప్పరుకి ఎదురుగా వాము తప్ప ఏమీ కనపడదు. వాము మీద నిలబడ్డ మేటు కేకేసి చెబితే దాన్ని బట్టి తిప్పేవాడు. అద్దాలకు అడ్డంగా సామాను కట్టుకుని, క్లీనరు చెప్పిన దారిన లారీ నడిపినట్టు.

ఇక అసలు తెలివంతా తెరచాపల అమరికలో ఉంది. పెద్ద చాపకు కింద అడ్డకర్ర లేదు. కొయ్య (చాపల్ని మోసే నిలువు స్తంభం) మొదలు నుంచి చాప పై మూలకు ఐమూలగా ఒక వాసం పోతుంది, రమారమి 60 అడుగులు. దాని పేరు స్ప్రిట్. కింద అడ్డకర్ర లేకపోవడం వల్ల హాచ్ (సరుకు గదికి డెక్కులో ఉన్న నోరు) తెరిచి సరుకు దించేటప్పుడు తలకు తగిలేదేమీ లేదు. అవసరమైతే ఆ స్ప్రిట్‌కే కప్పీ కట్టి దాన్నే క్రేనులా వాడుకునేవారు. చాపను దించి మడత పెట్టే పనే లేదు. బ్రెయిల్ అనే తాళ్ళు చాప చుట్టూ తిరిగి కొయ్య దగ్గరి చిన్న వించికి వస్తాయి. వించి తిప్పితే కిటికీ తెర దగ్గరికి లాగినట్టు చాపంతా కొయ్యకు చేరుతుంది. ఒక మనిషి, ఒక హ్యాండిలు, ఒకటి రెండు నిమిషాలు. అదే పరిమాణంలో అడ్డకర్ర ఉన్న చాపనైతే దించడానికి నలుగురు కావాలి.

బయల్దేరేటప్పుడు వరస గమనించండి, బార్జి ఎక్కితే చూడాల్సిన మొదటి తమాషా అదే. ముందు విండ్లాసు (లంగరు లాగే పెద్ద రాట్నం) తిప్పి లంగరు గొలుసును పొట్టి చేస్తారు. పెద్ద చాప ఇంకా ముడుచుకునే ఉంటుంది, అన్నిటికన్నా పైనున్న టాప్‌సెయిల్ మొదట లేస్తుంది. కారణం ఉంది. కింద గాలిని గోదాములూ, కట్టిన ఓడలూ ఆపేస్తాయి. పైన గాలి ఆగదు. టాప్‌సెయిల్ ఒక్కదానితో ఇరుకు వాగులోంచి మెల్లగా బయటపడి, వెడల్పాటి నీళ్ళలోకి వచ్చాక బ్రెయిల్ వదిలి పెద్ద చాప కావలసినంత తెరుస్తారు. గాలికి ఎదురుగా మలుపు తిప్పేటప్పుడు ముందు చాపను మేటు ఒక తాడుతో పట్టి ఉంచుతాడు. గాలి దాని తప్పు పక్క తగిలి ముక్కును అవతలికి నెడుతుంది. ముక్కు గాలి గీత దాటిందనగానే స్కిప్పరు కేక, మేటు తాడు వదులుతాడు. ఒక్క క్షణం తొందరపడితే పడవ మధ్యలోనే నిలబడిపోతుంది. ఆలస్యం చేస్తే వేగమంతా పోతుంది.

వంతెనల కథ ఇంకా బాగుంటుంది. కొయ్య డెక్కులోంచి కిందికి దిగదు, డెక్కు మీదున్న ఒక గూట్లో మడతబందు మీద నిలబడుతుంది. ముందువైపు స్టేఫాల్ అనే కప్పీల తాడును విండ్లాసుకు చుట్టి వదిలితే కొయ్య, స్ప్రిట్, చాప మొత్తం వెనక్కి పడుకుంటాయి. వేగం తగ్గకుండా వంతెన కింద దూరి, అవతల మళ్ళీ లేపేవారు. లేపడం మాత్రం ఇద్దరి వల్ల తేలే పని కాదు, అందుకే వంతెనల దగ్గర హఫ్లర్లు అనే కూలివాళ్ళు ఎక్కేవారు.

లీబోర్డులు లేకపోతే ఈ పళ్ళెం గాలికి పక్కకు జారిపోతుంది. రెండు పక్కలా వేలాడే ఓకు రెక్కలివి, ఒక్కొక్కటి పద్దెనిమిది అడుగుల దాకా పొడవు, బరువు టన్ను పైమాటే. గాలి పోయే వైపుది దించాలి, గాలి వచ్చే వైపుది ఎత్తాలి, వెనకున్న చిన్న వించితో. లోతు తగ్గితే రెక్క అంచు బురదకు తగిలి దానంతటదే పైకి లేస్తుంది. చక్రం దగ్గరున్నవాడికి అదే లోతు కొలిచే గడకర్ర.

లోపాలూ ఉన్నాయి. ఎదురుగాలికి, అందులోనూ ఖాళీగా ఉన్నప్పుడు, దీని నడక సాదాసీదానే. నిండా సరుకుంటే డెక్కు నీళ్ళకు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది, అలలు పైనుంచే పోతాయి. హాచ్ పలకల మీది టార్పాలిన్, దాన్ని బిగించే చెక్క మేకులు సరిగ్గా లేకపోతే మునగడానికి చిల్లే పడక్కర్లేదు. అన్నిటికన్నా భయపెట్టేది స్ప్రిట్. దాని కొసను రెండు పక్కలా వాంగ్ అనే తాళ్ళు పట్టి ఉంచుతాయి. అలల్లో పడవ దొర్లుతున్నప్పుడు ఒక వాంగ్ తెగిందంటే 60 అడుగుల వాసం తలమీద ఊగుతూ ఉంటుంది. పాత బార్జి చూడటానికి వెళితే రంగులు తర్వాత చూడండి, ముందు వాంగుల వైరూ వాటి సంకెళ్ళూ చూడండి.

20వ శతాబ్దం మొదట్లో రెండువేలకు పైగా ఉండేవి. తీరం వెంట తిరిగే మోటారు ఓడలూ లారీలూ వచ్చాక చాలావాటికి ఇంజిను బిగించి కొయ్యలు పీకేశారు. కొన్నిటిని ఇళ్ళు చేసుకున్నారు, కొన్నిటిని వాగుల్లో వదిలేశారు. తెరచాపలతోనే సరుకు మోసిన చివరిది 1906లో గ్రీన్‌హైత్‌లో కట్టిన కేంబ్రియా. స్కిప్పరు బాబ్ రాబర్ట్స్ 1970 దాకా నడిపాడు. ఇప్పుడు చాపలెత్తి తిరిగేవి కొన్ని పదులే. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా ఇళ్ళుగా మారినవే, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఈ పడవను చంపేది సముద్రం కాదు, వాన. ఉప్పునీళ్ళు కలపను కాపాడతాయి. పనిలో ఉన్న రోజుల్లో డెక్కు మీద రోజూ ఉప్పునీళ్ళు పోసి కడిగేవారు. పలకలు ఉబ్బి సందులు మూసుకునేవి, చివుకు పట్టేది కాదు. ఇల్లయ్యాక ఎవరు కడుగుతారు? ఎండకు సందులు విచ్చుకుంటాయి, వాననీళ్ళు దూలాల కొసల్లోకి దిగుతాయి, లోపల వేసిన అందమైన చెక్క గోడల వెనక గాలాడదు. పైనుంచి చూస్తే పియానో పాలిష్, వెనక పిండి.

అందుకని చూసేటప్పుడు ఇలా వెళ్ళండి. డెక్కు అంచున పక్కలతో కలిసే పలక, రెయిలింగు నిలువుకర్రల మొదళ్ళు, హాచ్ మూలలు, కొయ్య గూడు కింద, విండ్లాసు స్తంభాల మొదళ్ళు, వెనక చదునుగోడ మూలలు, ముక్కు కర్ర వెనకున్న దుంగ: నీళ్ళు నిలిచే చోట్లు ఇవే. సుత్తితో తట్టుతూ పోండి. మంచి ఓకు ఠంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట సన్న డ్రిల్లు దింపి వచ్చే పొట్టు చూడండి. లేత రంగులో చుట్టలుగా వస్తే సరే, నల్లగా తడిపొడిగా రాలితే ధర మాట్లాడటం మళ్ళీ మొదలెట్టండి. అమ్మేవాళ్ళు డ్రిల్లు వద్దంటే అదే సమాధానం.

తర్వాత మేకులు. ఓకులోని ఆమ్లం ఇనుమును తింటుంది, తుప్పు తిరిగి ఓకును తింటుంది. మేకు చుట్టూ నల్లటి మచ్చ కనిపిస్తే లోపల మేకు నడుము సన్నబడినట్టు. నాలుగైదు చోట్ల బోల్టులు పీకించి చూడాలి. రెండు కొసలూ బొద్దుగా, మధ్యలో పెన్సిలంత ఉన్న బోల్టు ఒక్కటి చూస్తే చాలు, సర్వే కాగితం చదవక్కర్లేదు.

పడవ అడుగున సిమెంటు పోసి ఉంటే జాగ్రత్త. కారుతున్నప్పుడు చవగ్గా ఆపడానికి చాలామంది చేసిన పని అది. సిమెంటుకీ కలపకీ మధ్య తడి ఇరుక్కుని, కనపడకుండా అడుగు దూలాలు కుళ్ళుతాయి. డెక్కు మీద ఫైబర్‌గ్లాస్ పరిచినా అదే కథ. డబ్లింగ్ అన్న మాట కూడా వింటారు: పాత పక్కల మీద తారూ ఫెల్టూ పూసి కొత్త పలకల పొర కొట్టడం. అది పాతకాలపు పద్ధతే, తప్పు కాదు, పడవకు ఇరవై ముప్ఫై ఏళ్ళు కలుస్తాయి. కానీ కింద పొర అప్పటికే మెత్తబడి ఉంటే కొత్త మేకులు దేన్ని పట్టుకుంటాయి? డబ్లింగ్ ఉన్న బార్జిని లోపలి నుంచే చూడాలి. ఒడ్డున దూరంగా నిలబడి డెక్కు అంచు గీత కూడా చూడండి. ముందూ వెనకా పైకి లేచి మధ్యలో మెత్తగా వంగాలి. మధ్యలో గూనిలా లేచి కొసలు వాలితే హాగింగ్, అంటే నడుం విరిగిందన్నమాట.

నడుం విరిగిన పడవను పునరుద్ధరించడం సాధ్యమే, తొందర మాత్రం పనికిరాదు. దిమ్మెల మీద కూర్చోబెట్టి, మేకుల పట్టు కొంచెం కొంచెంగా వదులు చేస్తూ, వారాల తరబడి దాన్ని దాని బరువుతోనే దిగనివ్వాలి. జాకీలతో ఒక్కరోజులో లాగితే ఇంకెక్కడో పగులుతుంది. లోపలి పక్కకర్రలు మార్చేటప్పుడు వరసగా పీకకూడదు. మూడింటిలో ఒకటి చొప్పున మార్చుతూ పోవాలి, లేకపోతే ఆకారం ఎవరి చేతిలోనూ ఉండదు. కొత్త పలకను ముక్కు దగ్గర వంచాలంటే ఆవిరి పెట్టెలో ప్రతి అంగుళం మందానికి ఒక గంట. రెండంగుళాల పలకకు రెండు గంటలు. బయటికి తీశాక కొన్ని నిమిషాల్లోనే బిగించేయాలి, చల్లారిన పలక ఎవరి మాటా వినదు.

సందుల్లో నార దట్టించడం చూడటానికి సుత్తి పని, నిజానికి చెవి పని. నార చాలినంత దిగగానే సుత్తి మోత మారుతుంది. కొత్తవాళ్ళు అక్కడ ఆగరు, పాత పలకల్లో ఎక్కువ దట్టిస్తే పలకే పక్కకర్ర నుంచి ఊడి పైకి వస్తుంది. మేకుల విషయంలో గాల్వనైజ్డ్ ఇనుము చవక, బార్జికి అలవాటైనది. కంచు మంచిదే, ఖర్చు. ఈ రెంటినీ కలిపి కొట్టొద్దు, ఉప్పునీళ్ళలో ఒకదాన్ని ఇంకొకటి తినేస్తుంది. తుప్పు పట్టదు కదా అని తడి ఓకులో నీళ్ళ కింద స్టెయిన్‌లెస్ వాడటం ఇంకో పొరపాటు, గాలి తగలని చోట దానికి సన్నటి గుంటలు పడతాయి.

ఎంత దాకా పోవచ్చో తెలియాలంటే కేంబ్రియాను చూడండి. బ్రిటన్‌లో లాటరీ డబ్బుతో పాతవాటిని కాపాడే హెరిటేజ్ లాటరీ ఫండ్ నుంచి దాదాపు పది లక్షల పౌండ్ల సాయంతో ఫేవర్‌షామ్‌లో 2007 నుంచి 2011 దాకా పని జరిగింది, చెక్క చాలావరకు కొత్తదే. ఇంజిను పెట్టలేదు. ఆ నిర్ణయానికే ఎక్కువ మార్కులు. కలప కొత్తదా పాతదా అన్న వాదనకన్నా, పడవ ఇంకా ఇద్దరితో నడుస్తుందా అన్నది పెద్ద పరీక్ష. హాచ్ మూసి పైన గాజు గది కట్టి, వించీల స్థానంలో మోటార్లు పెట్టిన పునరుద్ధరణలు నివాసానికి బాగుంటాయేమో, బార్జి మాత్రం అందులో మిగలదు.

చెక్క భయపెడితే ఉక్కు బార్జిలున్నాయి. 1920ల్లో మిస్ట్లీలో హోర్లాక్ వాళ్ళు కట్టినవి, అందులో రిపెర్టార్ 1924ది. ఇక్కడ శత్రువు లోపలి చెమ్మ. నేలపలకల కింద ఆవిరి నీళ్ళుగా మారి అడుగు రేకును లోపలి నుంచి తింటుంది. బయట గీకి రంగేసి సంతోషపడితే లాభం లేదు, నేలపలకలు లేపించి అల్ట్రాసౌండుతో రేకు మందం అంగుళం అంగుళం కొలిపించాలి. మొత్తం మీద మొదటిసారి కొనేవాళ్ళకు మా ఓటు ఉక్కుకే. చెక్క బార్జి కొనేవాళ్ళు పడవతోపాటు ఒక వడ్రంగిని కూడా జీవితాంతం పెట్టుకోవాలి.

కొనకుండానే అనుభవించాలంటే ఎసెక్స్‌లో మాల్డన్ హైత్ కీ సరైన చోటు. థేమ్స్ సెయిలింగ్ బార్జి ట్రస్టు అక్కడ రెండిటిని నడుపుతుంది: 1895లో హార్విచ్‌లో కట్టిన సెంటార్, 1922లో రోచెస్టర్‌లో కట్టి 1940లో యుద్ధంలో చిక్కుకున్న సైనికుల్ని తేవడానికి ఫ్రాన్సులోని డన్‌కర్క్ వెళ్ళొచ్చిన పడ్జ్. కెంట్ వైపు విట్‌స్టబుల్‌లో 1892 నాటి గ్రెటా ఉంది. 1892లోనే మాల్డన్‌లో పుట్టిన మిరోసాకు ఈరోజు వరకూ ఇంజినే లేదు. బుక్ చేసేముందు రెండు విషయాలు అడగండి. ఎంత సేపు చాపల మీద, ఎంత సేపు ఇంజిను మీద? వించీలు తిప్పనిస్తారా? రెండోదానికి అవునంటే డబ్బులు గిట్టినట్టే, ఎందుకంటే బ్రెయిల్ వించి ఒక్కసారి తిప్పితే ఇంత వ్యాసం చదవక్కర్లేదు.

టైము మాత్రం మీ చేతిలో ఉండదు. హైత్ కీ దగ్గర నీళ్ళు తీసేస్తే మిగిలేది బురదే, అందుకని పోటు నిండిన వేళకే కదలాలి. అది రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. తిరుగు రైలు టికెట్టు ముందే కొనేయకండి.

బట్టల గురించి కూడా ఒక మాట. ఆ ఎర్రచాపల రంగు అలంకారం కాదు. కొయ్యకు ముడిచి ఉంచే చాపకు ముసుగు వేయడం కుదరదు, వానా ఎండా దానికే తగులుతాయి. అందుకని జేగురుమన్ను, కాడ్ చేప నూనె, సముద్రపు నీళ్ళు కలిపి పూసేవారు. విప్పి లోపల దాచుకోగలిగే ముక్కు వైపు చాపల్ని చాలాసార్లు తెల్లగానే వదిలేసేవారు. సింథటిక్ గుడ్డ వాడేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు కానీ, పాత పద్ధతిలో పూసిన నార చాప ఉన్న బార్జి మీకు దొరికితే దానికి ఆనుకోవద్దు. ఆ నూనె ఎప్పటికీ పూర్తిగా ఆరదు, మీ చొక్కా మీద పడిన జేగురు మరక ఏ సబ్బుకీ లొంగదు.